భుజాలకి సెలవెక్కడ?

2016 సెప్టెంబరు 14న రియో పారాలింపిక్స్‌లో ఇరాన్ లిఫ్టర్ సియామంద్ రహ్మాన్ 310 కిలోల బార్‌ని ఛాతీ మీదకి దించి, ఆపి, మళ్ళీ పైకి నెట్టాడు. ఆ రోజు 270తో మొదలుపెట్టి 300, 305 కూడా దాటేశాడు. రికార్డు కోసం ఇచ్చే అదనపు ప్రయత్నంలో 310 పడింది. కాళ్ళలో లోపమున్నవాళ్ళు బెంచీ మీద వెల్లకిలా పడుకుని బార్‌ని నెట్టే ఈ పారా పవర్‌లిఫ్టింగ్‌లో అంతకుముందు 300 ముట్టుకున్నవాడే లేడు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2020 మార్చిలో గుండెపోటుతో పోయాడు. 31 ఏళ్ళు.

ఆ వీడియో ఇప్పటికీ వాట్సాప్‌లో ఎవరో ఒకరు పంపిస్తూనే ఉంటారు. దాని కింద రాలే మాటలు రెండే రకాలు. మొదటిది, "కాళ్ళు సహకరించకపోయినా సంకల్పబలం ఉంటే కొండనైనా ఎత్తొచ్చు" అని, చేతులు జోడించిన బొమ్మతో. రెండోది ఏదో ఒక జిమ్ కుర్రాడిది: "కాళ్ళ బరువు లేదుగా బ్రో, ఆ బరువంతా ఛాతీకే పోతుంది, అది వాళ్ళకి ప్లస్సే." చూడ్డానికి ఒకటి పొగడ్త, ఇంకొకటి వెటకారం. నాకైతే రెండూ ఒకే బద్ధకంలోంచి వచ్చినట్టు కనిపిస్తాయి. మనిషి 310 కిలోలు ఎలా ఎత్తాడో విడమరిచి చూసే ఓపిక లేక, ఒకరు దాన్ని దేవుడి ఖాతాలో వేస్తున్నారు, ఇంకొకరు లోపం ఖాతాలో వేస్తున్నారు.

నేను ఫిజియోథెరపిస్టుని. గోదావరి జిల్లాల్లో ఒక మాదిరి పట్నంలో పని. నా దగ్గరకి భుజం నొప్పులతో వచ్చేవాళ్ళలో కొంతమంది వీల్‌చైర్ వాళ్ళు, చంకకర్రల వాళ్ళు, వాళ్ళలో ఒకరిద్దరు లిఫ్టర్లు. కాబట్టి ఈ బలం సంగతి నేను భుజం వైపు నుంచి చూస్తాను. నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నాను.

ముందు జిమ్ కుర్రాడి మాట చూద్దాం, ఎందుకంటే అందులో సగం నిజముంది. మామూలు మనిషి బరువులో ఒక్కో కాలు దాదాపు 16 శాతం. రెండూ కలిపితే మూడోవంతుకి దగ్గర. అంటే 59 కిలోల మనిషి 19 కిలోలు కాళ్ళలోనే మోస్తున్నాడు. పోలియోతో కాళ్ళు సన్నబడిపోయినవాడు అదే 59 కిలోల విభాగంలో నిలబడితే, ఆ 19లో చాలా భాగం ఛాతీ, వీపు, చేతుల కండగా ఉండొచ్చు. ఈజిప్టు లిఫ్టర్ షెరీఫ్ ఒత్మాన్ రియోలో 59 కిలోల విభాగంలో 211 కిలోలు ఎత్తాడు. ఒంటి బరువుకి మూడున్నర రెట్లకి పైమాటే. ఈ లెక్క లేకుండా ఆ అంకె అర్థం కాదు. కాళ్ళు తీసేసినవాళ్ళ విషయంలో నిబంధనలు కూడా ఈ సంగతిని గుర్తిస్తాయి. ఎక్కడిదాకా తీసేశారన్నదాన్నిబట్టి వాళ్ళ బరువుకి కొంత కలిపి, అప్పుడు విభాగం నిర్ణయిస్తారు.

ఆ కుర్రాడు వదిలేసిన రెండో సగం ఏమిటంటే, జిమ్‌లో తను బెంచ్ కొట్టేటప్పుడు కాళ్ళు ఏం చేస్తున్నాయో గమనించుకోలేదు. పాదాలు నేలకి తన్నిపెట్టి, తొడలు బిగించి, నడుం విల్లులా వంచుతాడు. ఆ తన్ను వల్ల ఒళ్ళు బెంచీకి అతుక్కుపోతుంది. నడుం లేవడం వల్ల ఛాతీ పైకొచ్చి బార్ ప్రయాణించే దూరం తగ్గుతుంది. పారా లిఫ్టర్‌కి నేల లేదు. కాళ్ళు బెంచీ మీదే చాపి ఉండాలి, కావాలంటే బెల్టులతో కట్టించుకోవచ్చు. మోపుదామంటే కింద ఏ ఆధారమూ ఉండదు. బార్ ఒక పక్కకి బెత్తెడు ఒరిగిందంటే కాలు అడ్డుపెట్టి సర్దుకునే అవకాశం లేదు. వీపూ భుజపు ఎముకలూ మాత్రమే బెంచీని పట్టుకోవాలి. నమ్మకం కుదరకపోతే రేపు జిమ్‌కి వెళ్ళినప్పుడు కాళ్ళు బెంచీ మీద పెట్టుకుని, మామూలుగా ఎత్తేదానికంటే బాగా తక్కువ వేసి, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకుని ఎత్తి చూడండి. ఆ వణుకే సమాధానం చెబుతుంది.

ఇంకో సంగతి. పారా అథ్లెటిక్స్‌లో లోపం తీరునిబట్టి డజన్లకొద్దీ తరగతులు ఉంటాయి. ఇక్కడ ఒక్కటే. లోపం కనీస అర్హతకి సరిపోతే చాలు, ఆ తర్వాత విడదీసేది ఒంటి బరువు మాత్రమే. మగవాళ్ళకి పది విభాగాలు, ఆడవాళ్ళకి పది. మోచేతులు మాత్రం దాదాపు పూర్తిగా చాపగలగాలి, లోటు 20 డిగ్రీలు దాటకూడదు. దాంతో పోలియో మనిషి, నడుం విరిగి వెన్నుపాము దెబ్బతిన్న మనిషి, కాలు పోయిన సైనికుడు, పుట్టుకతోనే పొట్టిగా ఉన్న మనిషి ఒకే బెంచీ మీదకి వంతులవారీగా వస్తారు.

వీళ్ళ శరీరాలు ఒకలా పనిచేయవు. పోలియో వెన్నుపాములో కండరాన్ని కదిలించే కణాలని చంపుతుంది గానీ స్పర్శని ముట్టుకోదు. బెంచీ ఒత్తుకుంటే తెలుస్తుంది, పొట్ట కండరాలు మిగిలి ఉంటే బిగించగలడు, నడుం కొంచెం లేపగలడు. ఛాతీ మధ్యన వెన్నుపాము తెగినవాడికి కింది పొట్టా నడుమూ అతని మాట వినవు. ఊపిరి బిగబట్టి మొండేన్ని గట్టిపరచుకోవడం ఏ లిఫ్టర్‌కైనా మొదటి పాఠం. అదే అతనికి సగం దొరుకుతుంది. పైగా ఒత్తుకున్నా తెలియదు కాబట్టి, ఒక సాయంత్రం గట్టి రెక్సిన్ మీద ఒకేచోట పడుకుంటే పిరుదు దగ్గర పుండు లేస్తుంది. అది మానేదాకా నెలలు పడుతుంది, ఆ నెలల్లో ట్రైనింగ్ ఉండదు. పొట్టివాళ్ళకి ఇంకో తీరు. చేతులు పొట్టి కాబట్టి బార్ తిరిగే దూరం తక్కువ. పొడుగు చేతులవాడు 40 సెంటీమీటర్లు నెట్టే చోట వీళ్ళు 25 నెడితే చాలనుకోండి, బరువు ఒకటే అయినా చేసే పని మూడోవంతుకి పైగా తగ్గిపోతుంది. అన్యాయమా? నా దృష్టిలో కాదు. బెంచ్ ప్రెస్ ఎక్కడైనా పొట్టి చేతుల ఆటే. బాస్కెట్‌బాల్‌లో పొడుగువాణ్ణి ఎవరూ నిలదీయరు.

బలం అన్నది జిమ్‌లో ఒకటి, రెఫరీ ముందు ఒకటి. బార్ తీసుకుని మోచేతులు బిగించి ఉంచితే రెఫరీ "స్టార్ట్" అంటాడు. దించాలి, ఛాతీ మీద కదలకుండా ఆగాలి, రెండు చేతులూ సమానంగా లేవాలి, బిగిశాక "రాక్" అనేదాకా పట్టుకోవాలి. ముగ్గురు రెఫరీల్లో ఇద్దరు తెల్ల లైటు వెలిగించాలి. మన జిమ్ముల్లో బార్‌ని పక్కటెముకల మీద బంతిలా ఎగరేసి "వంద కొట్టా" అనే వీరులకి ఆ ఆగడం ఎంత నరకమో తెలియదు. ఆగినప్పుడు కండరం సాగి తిరిగి లాగే స్ప్రింగు బలం పోతుంది, సున్నా నుంచి మళ్ళీ పుట్టించాలి. అంతర్జాతీయ పోటీల్లో బార్ పూర్తిగా లేచినా ఎర్ర లైట్లు పడ్డ ప్రయత్నాలు కొల్లలు. ఒక చేయి కాస్త ముందు, ఒకటి వెనక అంతే. చక్రాల కుర్చీని రోజూ ఒకే చేత్తో తిప్పుకునేవాడికీ, ఒకటే చంకకర్ర వాడేవాడికీ ఆ తేడా ఒంట్లోనే పాతుకుపోయి ఉంటుంది.

ఇక బెంచీ. మామూలు జిమ్ బెంచీ సన్నం, పొట్టి. కూర్చున్నప్పుడు బాగానే ఉంటుంది, కాళ్ళు అదుపులో లేనివాడు పడుకుంటే మాత్రం ఒక్కో కాలు ఒక్కో పక్కకి జారిపోతుంది. పోటీ బెంచీ పొడవు 2.1 మీటర్లు, ప్రధాన భాగం వెడల్పు 61 సెంటీమీటర్లు, తల వైపు మాత్రం భుజాలు ఆడటానికి 30కి సన్నబడుతుంది. ఎత్తు 45 నుంచి 50 మధ్య. నా దగ్గరకొచ్చే ఒక లిఫ్టర్‌కి ఈ కొలతలతో లారీలకి తొట్లు కట్టే వెల్డింగ్ షాపులో ఒకటి చేయించాం. సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఆయనది. రెండు కాళ్ళకీ పోలియో, వయసు ముప్పై దాటింది. వెల్డింగ్ మేస్త్రి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటి సార్, మంచమా బల్లా?" అన్నాడు. "మూడొందల కిలోలు ఆగాలి" అంటే మంచం సందేహం తీరిపోయి, రెండంగుళాల పైపు తెచ్చాడు. కాళ్ళు కట్టడానికి సరుకు కట్టే బెల్టు ముక్కలు కోసి బకిల్ వేశాడు. ఆ బెంచీ ఎక్కిన మొదటి వారంలోనే ఆయన ఎత్తే బరువు పెరిగింది. కండ పెరిగి కాదు, అంత త్వరగా ఏ కండా పెరగదు. కాళ్ళు జారిపోతాయన్న భయం పోయింది, అంతే.

ఇంతవరకు చెప్పినవన్నీ పుస్తకాల్లో దొరికేవే. నేను ఇంతా రాయడానికి కారణం మాత్రం ఆ బెంచీ పెట్టిన జిమ్ మెట్లు.

ఆ జిమ్ మొదటి అంతస్తులో ఉంది. 22 మెట్లు, లిఫ్టు లేదు. సెల్‌ఫోన్ల ఆయన మూడు చక్రాల బండి కింద పెట్టి, మెట్లకి వీపు తిప్పి కూర్చుంటాడు. రెండు అరచేతులూ పై మెట్టు మీద ఆనించి, మోచేతులు చాపి, పిరుదులు లేపి పైమెట్టు మీద పెడతాడు. తర్వాత చేతులతో కాళ్ళని ఒక్కొక్కటే లాక్కుంటాడు. మళ్ళీ చేతులు వెనక్కి. ఎవరైనా ఎత్తుకుంటామంటే ఒప్పుకోడు. "అలవాటే సార్, ట్రైసెప్స్‌కి మంచిదే కదా" అని నవ్వుతాడు. నాకు నవ్వు రాదు. భుజం వెనక్కి తిరిగి, ఒళ్ళంతా దాని మీద వేలాడే ఆ భంగిమలో కీలులోపల ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. పైన ఎముక కప్పుకీ కింద బంతికీ మధ్య, కండరాన్ని ఎముకకి కట్టే సన్నటి పట్టీలు నలుగుతాయి. అలా 22 సార్లు ఎక్కడం, ట్రైనింగ్ అయ్యాక అలసిన చేతులతో 22 సార్లు దిగడం. దిగడమే ఎక్కువ చేటు, ఎందుకంటే సాగుతూ బరువు ఆపే కండరానికే దెబ్బ ఎక్కువ. కోచ్ పుస్తకంలో మాత్రం ఆ సాయంత్రం "110 కిలోలు, మూడేసి రెప్‌లు, ఐదు సెట్లు" అని ఉంటుంది. మెట్ల వరుస లేదు.

నడిచే లిఫ్టర్ ఛాతీ ట్రైనింగ్ చేసిన మర్నాడు కాళ్ళు చేస్తాడు, భుజాలు పడుకుంటాయి. వీల్‌చైర్ లిఫ్టర్‌కి భుజాలే కాళ్ళు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కమోడ్‌కి, ఆటోకి, మళ్ళీ కుర్చీకి. గోతుల రోడ్డు మీద చక్రం నెట్టడం, ర్యాంపు లేని గట్టు ఎక్కించడం. బెంచ్ ప్రెస్‌కి వాడే ఛాతీ, ముందు భుజం, ట్రైసెప్స్ ఏవైతే ఉన్నాయో ఇవన్నీ అవే చేయాలి. 2012 లండన్ పారాలింపిక్స్‌లో పవర్‌లిఫ్టర్ల గాయాలు నమోదు చేసిన వైద్యులు, వాటిలో మూడోవంతు భుజం, కాలర్‌బోన్ ప్రాంతానివేనని, సగానికి పైగా అప్పటికప్పుడు తగిలినవి కాక అరిగి అరిగి వచ్చినవేనని తేల్చారు. రోజూ మా క్లినిక్‌లో చూసేవాణ్ణి, నాకు అందులో వింతేం కనిపించలేదు.

బలం పెరిగేది ఎత్తినప్పుడు కాదు, ఎత్తాక దొరికే విశ్రాంతిలో. ప్రతి కోచ్ చెప్పే మాటే ఇది. అయితే ఆ విశ్రాంతిని తినేసేవాటిని కూడా ట్రైనింగ్ లెక్కలో రాయాలి కదా. అందుకే నా వాదన ఇది: మన దేశంలో పారా లిఫ్టర్ ఎంత ఎత్తుతాడన్నది తేల్చే కారణాల్లో మెట్లు, గట్లు, బాత్రూం తలుపులు ప్రోటీన్ పొడికంటే ముందు వరుసలో ఉంటాయి. ర్యాంపుని సంక్షేమం పద్దులో రాస్తున్నాం. అది స్పోర్ట్స్ బడ్జెట్‌లో ఉండాల్సిన సరుకు.

బాత్రూం అన్నాను కాబట్టి నీళ్ళ సంగతి కూడా. వెళ్ళేచోట కుర్చీ పట్టే బాత్రూం ఉండదని తెలిసినవాళ్ళు పొద్దుట్నించీ నీళ్ళు తాగరు. ఆడపిల్లలైతే మరీను. పోటీకని ఊరు కాని ఊరు రైల్లో వెళ్తూ రెండు రోజులు గొంతు తడుపుకుంటూ బతుకుతారు. ఒంట్లో నీరు తగ్గితే బలం తగ్గుతుంది, అది చిన్న నష్టం. వెన్నుపాము గాయమున్నవాళ్ళకి మూత్రాశయం ఎలాగూ పూర్తిగా ఖాళీ కాదు. నీళ్ళు తగ్గితే ఇన్ఫెక్షన్, జ్వరం, యాంటీబయాటిక్స్, రెండు వారాలు బెంచీకి దూరం. వెన్నుపాముకి ఛాతీ పైభాగం దగ్గర గాయమున్నవాళ్ళకైతే నిండిన మూత్రాశయం రక్తపోటుని ప్రమాదకరంగా ఎగదోస్తుంది. ఆ ఎగదోతని కావాలని తెచ్చుకుని పోటీలో వాడుకునేవాళ్ళూ ఉన్నారు గనకే అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ దాన్ని నిషేధించింది. ఒకళ్ళు మోసానికి తెచ్చుకునేదాన్ని మనవాళ్ళు బాత్రూం లేక అనుభవిస్తున్నారు.

చట్టం లేదా అంటే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే పాత భవనాలని మార్చడానికి ఐదేళ్ళ గడువు పెట్టింది. నిబంధనలు 2017లో వచ్చాయి, గడువు 2022లో దాటిపోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ నిబంధనలు సలహాల్లా ఉన్నాయే తప్ప తప్పనిసరిగా లేవని తప్పుపట్టి, మళ్ళీ రాయమంది. ఆ కేసులో కోర్టు ముందున్న అధ్యయన నివేదిక తయారైంది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలో. నివేదిక రాసిన ఊళ్ళోనే ఎన్ని జిమ్ములు సెల్లార్లలోనూ మూడో అంతస్తుల్లోనూ ఉన్నాయో లెక్క తీస్తే బాగుంటుంది.

నా వాదనకి ఒక గట్టి ఎదురుదెబ్బ ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఈజిప్టు వీధులు, నైజీరియా వీధులు ర్యాంపులతో నిండిపోయి లేవు. అయినా ఈజిప్టు ఫాత్మా ఒమర్ 2000 నుంచి 2012 దాకా నాలుగు పారాలింపిక్స్‌లో వరసగా స్వర్ణం గెలిచింది. నైజీరియాకి చెందిన ఫోలషాడే ఒలువాఫెమియాయో పారిస్‌లో 167 కిలోలతో ప్రపంచ రికార్డు పెట్టింది. మరి వాళ్ళకి మెట్లు అడ్డురాలేదా?

వచ్చే ఉంటాయి. కానీ ఆ దేశాల్లో ఈ ఆటకి దశాబ్దాల సంప్రదాయం ఉంది. పెద్ద లిఫ్టర్ల పక్కన కొత్తవాళ్ళు రోజూ ఎత్తుతారు, తప్పు చేస్తే అక్కడికక్కడే దిద్దేవాళ్ళు ఉంటారు. మెట్ల వల్ల పోయినదాన్ని ఆ గుంపు కొంత పూడుస్తుంది. మనకి గుంపూ లేదు, ర్యాంపూ లేదు. రెండోది, పతకం వేదిక మీద మనకి కనిపించేది భుజం నిలిచినవాళ్ళు. భుజం చిరిగి ఇరవై ఐదో ఏటే మానేసినవాళ్ళు ఏ దేశంలోనైనా టీవీలో కనపడరు. కాబట్టి ర్యాంపు ఉంటే పతకం వస్తుందని నేననను. లేకపోవడం వల్ల ఎంతమంది మధ్యలోనే రాలిపోయారో ఎవరూ రాసిపెట్టలేదని మాత్రం అంటాను.

మనవాళ్ళేమీ తక్కువ తినలేదు. పంజాబుకి చెందిన రాజిందర్ సింగ్ రహేలు 2004 ఏథెన్స్‌లో 56 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చాడు. పదేళ్ళ తర్వాత, నలభై దాటాక, గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచాడు. ఈ ఆటలో జాగ్రత్తగా వాడుకున్న భుజం అంతకాలం పనిచేస్తుందన్నమాట. హర్యానా సుధీర్ 2022 బర్మింగ్‌హామ్‌లో 212 కిలోలు ఎత్తి, ఎత్తిన బరువునీ ఒంటి బరువునీ కలిపి లెక్కేసే పాయింట్లలో 134.5తో స్వర్ణం గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న నైజీరియా లిఫ్టర్‌కీ అతనికీ తేడా ఒక్క పాయింటు కూడా లేదు. అంత సన్నటి తేడాలో ఒక వారం భుజం నొప్పి ఎటువైపు తూస్తుందో ఊహించుకోండి.

రహేలు, సుధీర్, గ్లాస్గోలోనే కాంస్యం గెలిచిన సకీనా ఖాతూన్, ముగ్గురిదీ పోలియో. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో పోలియో లిఫ్టర్లు దాదాపు ఉండరు, ఉండకూడదు కూడా. ఇకమీదట బెంచీ ఎక్కేవాళ్ళు ఎక్కువగా బైకు ప్రమాదాల్లో, కట్టడాల మీద నుంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న కుర్రాళ్ళు. స్పర్శ ఉన్నవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి నేర్చుకున్న కోచ్‌లు, స్పర్శ లేనివాళ్ళకి ఇవ్వాలి. పుండ్లు చూసుకోవడం, మూత్రం వేళలు, ఎండలో చెమట పట్టని ఒళ్ళు, ఇవన్నీ కొత్త పాఠాలు. పోలియో మనిషి 22 మెట్లు కూర్చుని ఎక్కాడు. నడుం కింద స్పర్శ లేని కుర్రాడు అలా సిమెంటు మెట్ల మీద ఈడ్చుకుంటూ ఎక్కితే తోలు లేచిపోయినా ఇంటికెళ్ళి ప్యాంటు విప్పేదాకా తెలియదు.

అలాంటి కుర్రాడొకడు ఈ మధ్యే నా దగ్గరకి రావడం మొదలెట్టాడు. వాణ్ణి ఆ జిమ్‌కి పంపను. వెల్డింగ్ షాపు పక్కనే రోడ్డు మీదకి షట్టరు తెరుచుకునే గది ఒకటి ఖాళీగా ఉంటే, సెల్‌ఫోన్ల ఆయనా నేనూ వెళ్ళి అడిగాం. బెంచీ అక్కడికి దింపేస్తే మెట్ల గొడవే ఉండదు. ఓనరు అద్దె దగ్గర దిగొచ్చాడు గానీ బాత్రూం తలుపు దగ్గర పట్టుబట్టాడు. కుర్చీ పట్టాలంటే గోడ కాస్త కొట్టాలి. "గోడ కొడితే మళ్ళీ కట్టేదెవరండీ?" అంటాడు. కట్టే ఖర్చు మాదేనని కాగితం రాసిస్తామన్నాం. వాళ్ళ అబ్బాయినడిగి చెబుతానన్నాడు.